పిప్పరమెంటు సీసాలో బావినీళ్ళు

నేను ఒక పిప్పరమెంటు సీసాను. సీసా అనగానే మీ కళ్ళ ముందు మందుసీసానో నూనెసీసానో మెదిలితే ఆ తప్పు నాది కాదు. నాది బొజ్జ ఉన్న ఘటం. ఒకప్పుడు దుకాణం బల్ల మీద నిలబడి ఊరి పిల్లలందరి నోళ్ళూ ఊరించినదాన్ని. ఇప్పుడు మూత లేదు, అంచు ఒకచోట పెచ్చు లేచింది, ఒక పక్క వెంట్రుకంత గీత ఉంది. అయినా నా మాట నమ్మవచ్చు. దాచుకోవడం గాజుకు చేతకాని పని. నాలో ఏముందో లోకమంతా చూస్తుంది. చూసినదాన్ని లోకం ఎట్లా అర్థం చేసుకుంటుందన్నది వేరే సంగతి, నా కథంతా ఆ వేరే సంగతే.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడో దూరాన ఒక కొలిమిలో ఇసుకతో పాటు పగిలిన గాజుపెంకులన్నీ కలిపి కరిగించి నన్ను ఊదారు. ఆ పెంకుల్లో దగ్గుమందు సీసాలుండవచ్చు, సారా సీసాలుండవచ్చు, ఏ పెళ్ళికూతురి గాజులో ఉండవచ్చు. కొలిమి ఎవరి కులమూ అడగదు. ఊదినవాడి ఊపిరి కొంత నా అడుగున బుడగలా చిక్కుకుపోయింది. అది ఇప్పటికీ ఉంది. తర్వాత గడ్డిలో చుట్టుకుని, రైలెక్కి, ఎడ్లబండెక్కి కర్నూలు జిల్లా పడమటి కొసన నల్లగుండ్లపల్లెలో గుండయ్యశెట్టి దుకాణానికి చేరాను.

శెట్టి చెడ్డవాడు కాదు. పిప్పరమెంటు ఇచ్చేటప్పుడు మాత్రం చెయ్యి నాలోకి దిగి, అడుగుదాకా వెతికి, అన్నిటికంటే చిన్నది ఏరుకుని పైకొచ్చేది. పిల్లలు ఆ చేతినే చూస్తూ నిలబడేవాళ్ళు. వాళ్ళ చొట్టబుగ్గలూ చీమిడిముక్కులూ నా గాజుకు ఆనుకునే ఉండేవి. ఏడాదంతా ఇట్లా సందడిగా సాగి, ఉగాది దగ్గరపడేసరికి దుకాణం ముందు పిల్లలు పలచబడేవాళ్ళు. శెట్టి నిట్టూర్చి, "నారికాలం వచ్చె. ఇంగ యాపారం ల్యా" అని నా మీద గుడ్డ కప్పేవాడు.

నారి అంటే ఏమిటో తెలియని వాళ్ళు పుణ్యం చేసుకున్నవాళ్ళు. ముందు పాదం మీదనో పిక్క మీదనో ఒక పొక్కు లేస్తుంది. నిప్పుకణిక అంటించినట్టు మండుతుంది. పొక్కు చితికితే లోపలి నుంచి తెల్లటి దారం కొస ఒకటి తొంగిచూస్తుంది. అది దారం కాదు, పురుగు. మూరను మించిన పొడవు. దాన్ని ఈనెపుల్లకు చుట్టి రోజుకు రవ్వంత చొప్పున బయటికి తీయాలి. తొందరపడి లాగితే తెగుతుంది, తెగితే కాలు గుమ్మడికాయవుతుంది. నెలా రెండు నెలలూ మనిషి మంచం దిగడు. ఊళ్ళో సగం మందికి ఎండాకాలమంటే మామిడిపండ్లు కాదు, ఈనెపుల్లలు.

మేకల మద్దిలేటి కూతురు సుంకులమ్మకు వరసగా రెండు ఎండాకాలాలు అట్లాగే అయింది. రెండుసార్లూ సరిగ్గా పరీక్షల ముందే. అందుకని ఆ పిల్ల అయిదో తరగతిలోనే ఉండిపోయింది, తన కంటే చిన్నవాళ్ళు వచ్చి పక్కన కూర్చుంటున్నారు. తండ్రి దుకాణం ముందు నిలబడి శెట్టితో అంటుంటే నేను విన్నాను. "ఇంగొక్క యేడు చూస్తా శెట్టీ. ఈతూరి గూడా పరీచ్చ తప్పిందంటే మేకలెంబడి తోలేస్తా. మేకలు పాసూ ఫెయిలూ అడగవు." సుంకులమ్మ కుంటుకుంటూ వచ్చి బెల్లం కొనుక్కుని పోయింది. వినలేదని అనుకోను.

ఆ జూన్ నెలలో బడికి షంషాద్ టీచరమ్మ వచ్చింది. గొడుగు, తోలుసంచీ, ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు. ఊరికి ఒకే బడి, బడికి ఆమె ఒక్కతే టీచరు. నారిని గురించి కర్నూలులో ఏదో శిక్షణ ఇచ్చి పంపారట. వచ్చిన వారానికే దుకాణానికి వచ్చి నా వైపు వేలు చూపించి, ఆ సీసా ఇస్తారా అని అడిగింది. శెట్టి నన్ను ఎత్తి చూశాడు. అంతకుముందే మూత పగిలి నాకు చీమలు పట్టడం మొదలైంది. "చీమలు పట్టే సీసా యాపారానికి పనికిరాదు, చదువుకు పనికొస్తాదేమో. తీసకపోండి టీచరమ్మా" అన్నాడు. దానధర్మాలు చేసినవాడి మొహం పెట్టడం మాత్రం మరచిపోలేదు.

అట్లా నేను బడిలో చేరాను. చదువుకోని వస్తువు బడికి పోతే గౌరవం పెరుగుతుందంటారు. నా విషయంలో మొదటిరోజే గందరగోళం పెరిగింది.

బడిలో నీళ్ళు పోసేది దస్తగిరమ్మ అవ్వ. ఎన్నో ఏళ్ళుగా అదే పని. పొద్దున్నే ఊరి దిగుడుబావి మెట్లు దిగి, మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడి కడవ ముంచి, నెత్తిన పెట్టుకుని తెచ్చి బడికుండ నింపుతుంది. ఇప్పటి పిల్లల తల్లులు కూడా ఆమె చేతి నీళ్ళు తాగినవాళ్ళే. ఆమెకు పిల్లలు లేరు. బడి పిల్లలందరినీ "నా పిల్లోల్లు" అంటుంది, ఎవరూ కాదనరు. ఊళ్ళో బోరింగు లేకపోలేదు. ఆ నీళ్ళు ఉప్పన, పప్పు ఉడకదు, టీ పెడితే విరుగుతుంది. బోరింగు పశువులకు, బావి మనుషులకు అన్నది అక్కడి రాజ్యాంగం.

టీచరమ్మ నా నిండా ఆ బావినీళ్ళు పోసి కిటికీలో ఎండకు ఎదురుగా పెట్టింది. నా బొజ్జ గుండ్రన కదా, నీళ్ళు నిండితే లోపలున్నది ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది. పిల్లలు చుట్టూ మూగారు. నీళ్ళలో తెల్లటి చుక్కలు, ఆవగింజలో సగం కూడా లేనివి, ఉండుండి కుదుపుగా ఎగురుతున్నాయి. "చూశారా, మీరు తాగే నీళ్ళలో ఏమున్నాయో" అంది టీచరమ్మ. ఇక పిల్లలు ఛీ అంటారని, మొహాలు ముడుచుకుంటారని కాచుకుని ఉంది.

పిల్లల మొహాలు విప్పారాయి. ఈత కొడుతుండాయి అన్నాడొకడు. దానికి పిల్లలుండాయి, సంచులు మోస్తుంది అంది ఇంకో పిల్ల. దస్తగిరమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసింది. ఆ ముడతల మొహంలో అంత సంతోషం నేను మళ్ళీ చాలాకాలం దాకా చూడలేదు.

"నేనెప్పుడూ చెప్తునే ఉంటి టీచరమ్మా. మన బావినీళ్ళు బతికుండాయి. బోరింగు నీళ్ళల్లో ఒగటన్నా ఉంటాదేమో చూడు. అవి సచ్చిన నీళ్ళు. నీళ్ళల్లో ఇసముంటే ఇంత చిన్న ప్రాణి ఈత కొడతాదా?"

సాయంత్రానికి ఊరంతా నన్ను చూడడానికి వచ్చింది. గుండయ్యశెట్టి అయితే "సీసా నాదే" అని అందరికీ చెప్పుకున్నాడు. పక్క ఊరి నుంచి వచ్చిన చుట్టం ఒకడు మా బావినీళ్ళు ఇంత బలంగా ఉండవని వాపోయాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, బావి పరువు తీయడానికి వచ్చిన నేను దాని పరువు పెంచి కూర్చున్నాను.

అందరూ పోయినా సుంకులమ్మ పోలేదు. నా ముందు గొంతుక్కూర్చుని అడిగింది. "టీచర్, ఇవి మా కడుపులోకి పోయినాక ఏమైతాయి?"

ఆ ఒక్క ప్రశ్నతో టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. నేల మీద సుద్దతో బొమ్మ గీసి చెప్పింది. నారి ఉన్న మనిషి మంట ఓర్వలేక కాలు బావిలో పెడతాడు. పురుగు నీళ్ళలోకి కంటికి కనబడనంత పిల్లలను వదులుతుంది. ఆ పిల్లలను ఈ చుక్కలు తింటాయి. చుక్కలను మనం తాగుతాం. చుక్క చస్తుంది, దాని కడుపులో ఉన్నది మాత్రం చావదు. మన ఒంట్లోనే పెరిగి, ఏడాదికి కాలి దగ్గర బయటపడుతుంది. మళ్ళీ మనం కాలు తీసుకుపోయి బావిలో పెడతాం.

సుంకులమ్మ ఆ గీతను వేలితో చుట్టూ తిప్పి చూసింది. "అయితే పోయిన ఎండల్లో నేను తాగినయి?"

"నీకు అబద్ధం చెప్పను పాపా. అవి నీలో ఉంటే ఉన్నట్టే. దానికి నా దగ్గర మందు లేదు. వచ్చే ఎండాకాలం నీకు నారి రావచ్చు, రాకపోవచ్చు. ఇప్పుడు మనం చేసే పని ఫలితం ఆ పైయేడు కనిపిస్తుంది."

"మా నాయన ఈ యేడే చూస్తానన్న్యాడు టీచర్."

పిల్ల కాసేపు నేల మీది బొమ్మను చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, నాలోని నీళ్ళు ఎండలో పారబోసి, బూడిదతో తోమి నన్ను బోర్లించి పోయింది. నాకు అప్పుడే తెలిసింది, ఈ పిల్ల వదలదని.

టీచరమ్మ సన్నటి మల్లుగుడ్డ తెచ్చి రెండు మడతలు వేసి దస్తగిరమ్మ చేతికిచ్చింది. ఇకనుంచి కుండ మూతికి ఇది కట్టి, వడగట్టిన నీళ్ళే పిల్లలకు పోయాలని చెప్పింది. ఆ చుక్కలు గుడ్డ దాటలేవు, గుడ్డ దాటని నీళ్ళతోనే భయమంతా. దస్తగిరమ్మ మొహం గంటు పెట్టుకుంది గానీ ఎదురు చెప్పలేదు. మరునాడు టీచరమ్మ కళ్ళముందే శ్రద్ధగా వడగట్టింది. ఆ తర్వాతి రోజులూ అంతే. అందరూ తృప్తిపడ్డారు, ఒక్క సుంకులమ్మ తప్ప. ఆ పిల్ల ఒక పొద్దున వడగట్టిన కుండలోంచే నాలోకి నీళ్ళు పోసి ఎండకు ఎత్తి పట్టింది.

నాలో చుక్కలు తిరునాళ్ళకు వచ్చినట్టు ఎగురుతున్నాయి. ముందటికంటే ఎక్కువే ఉన్నాయి.

టీచరమ్మ గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది. చిల్లి లేదు. మళ్ళీ వడగట్టించింది. గుడ్డ మీద చుక్కలు చక్కగా ఆగాయి. పాపం ఆమె తన చదువునే అనుమానించే దాకా వచ్చింది. సుంకులమ్మ మాత్రం మరుసటి పొద్దున అందరికంటే ముందే బడికొచ్చి తలుపు వెనక నిలబడింది. దస్తగిరమ్మ వచ్చింది, వడగట్టింది, గుడ్డ విప్పింది, దాన్ని తిరగేసి కుండలోని నీళ్ళలోనే మెల్లగా జాడించి, పిండి, దండెం మీద ఆరేసింది.

"అవ్వా, ఏం చేస్తివి?"

దస్తగిరమ్మ తడబడలేదు. దొంగతనం చేస్తున్నానని ఆమె అనుకుంటే కదా. "టీచరమ్మ వడగట్టమనె, వడగడితి. అంతవరకు ఆయమ్మ మాట. నీళ్ళల్లో ప్రాణం గుడ్డకు అంటుకుంటే దాన్ని ఎండకు పారేస్తానామ్మే? పిల్లోల్లు తాగే నీళ్ళు. సచ్చిన నీళ్ళు పోసిందనిపించుకుంటానా నేను?"

ఇదంతా విన్నాక టీచరమ్మ కోప్పడుతుందేమో అనుకున్నాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. అంత ప్రేమగా చేసిన తప్పును ఏ నోటితో తిడతాం? ఆ రోజు నుంచి వడగట్టే పని సుంకులమ్మ తీసుకుంది. వడగట్టిన గుడ్డ ఎండకు కాగిన బండమీద పరచడం, కుండలోంచి నాలోకి నీళ్ళు పోయడం, ఎండకు ఎత్తి చూడడం, ఏమీ కదలకపోతేనే పిల్లలకు గ్లాసు అందించడం. ముందు సీసా, తర్వాతే గ్లాసు. పిల్లలకు అదొక ఆటయింది. నాలో చుక్క ఉందని ఎవరైనా వేలు చూపిస్తే కుండెడు నీళ్ళూ మళ్ళీ వడగట్టాల్సిందే. కొందరు అదే గుడ్డముక్క ఇంటికి పట్టుకుపోయి తల్లులను సతాయించారు. సుంకులమ్మ ఇంట్లో తండ్రి నవ్వేవాడట. నవ్వినా, ఆ పిల్ల వడగట్టిన నీళ్ళే తాగేవాడట, పోసేది ఆమే కాబట్టి.

దస్తగిరమ్మ మాత్రం వడగట్టిన నీళ్ళు ముట్టలేదు. తనకోసం వేరే చెంబులో బావినీళ్ళు తెచ్చుకునేది. పిల్లలకు నీళ్ళు పోసేటప్పుడు మొహం పక్కకు తిప్పుకునేది, ఉపవాసమున్న ఇంట్లో అన్నం తిన్నట్టు.

వానాకాలం పోయింది, చలికాలం పోయింది. సుంకులమ్మ ఒక్కరోజు తప్పలేదు. ఇట్లాంటి పనిలో కష్టమేమిటంటే, చేస్తున్నన్ని రోజులూ ఏమీ కనబడదు. రొట్టె కాలిస్తే వాసనొస్తుంది, విత్తు వేస్తే మొలక వస్తుంది. రోగం రాకుండా కాచేవాళ్ళకు ఏ వాసనా ఏ మొలకా ఉండవు. నాలో ఖాళీ నీళ్ళను చూసి సంతోషపడాలి, అంతే.

ఉగాది ఇంకా రాకముందే సుంకులమ్మ చీలమండ పక్కన పొక్కు లేచింది.

ఊరికి ఇంకేం కావాలి. గుడ్డ కట్టిన పిల్లకే ముందొచ్చిందన్నారు. బతికున్న నీళ్ళను చంపి తాగితే ఊరుకుంటాయా అన్నారు. రెండుమూడు ఇళ్ళలో మల్లుగుడ్డలు పొయ్యిమీది గిన్నెలు దించే మసిగుడ్డలయ్యాయి. మద్దిలేటి బడి వాకిట్లోకే వచ్చి నిలబడ్డాడు. అతని మోకాలి కింద కూడా ఈనెపుల్ల కట్టి ఉంది.

"చాలు టీచరమ్మా. నువ్వు చెప్పినట్టు యేడాది పొడుగునా గుడ్డ పట్టుకుని నిలబడె నా బిడ్డ. ఏమొచ్చె? ఇంగ పంపను."

టీచరమ్మ ముందే చెప్పానని అనవచ్చు. అనలేదు. ముందే చెప్పినవి మండే కాలి ముందు పనికిరావని ఆమెకు తెలుసు. సుంకులమ్మ గోడ పట్టుకుని లేచి నన్ను చంకన పెట్టుకుంది. "టీచర్, బావికాడికి పోదాం రాండి. నాయనా, నువ్వు గూడా రా."

మధ్యాహ్నపు ఎండ. బావి చాలా లోతుకు దిగిపోయి ఉంది. కింద నీళ్ళలో నిలబడి దస్తగిరమ్మ కడవ ముంచుతోంది. చుట్టూ ఇంకా నలుగురైదుగురు ఆడవాళ్ళు. మంటతో పిల్ల ఒళ్ళంతా వణుకుతోంది, ఆమె చంకలో ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. ఆ మెట్లు దిగి కాలు ముంచితే చాలు, చల్లబడుతుంది. ముందు రెండుసార్లూ అదే చేసింది. ఊరంతా అదే చేసింది.

దస్తగిరమ్మ కింది నుంచి చూసింది. ఆ గొంతు నిండా జాలే. "రాయే తల్లీ, దిగు. కాలు పెట్టు, సల్లబడతాది. మీ యమ్మ గూడా నీ ఈడులో ఈడనే పెట్టె."

సుంకులమ్మ పైమెట్టు దగ్గరే చతికిలబడింది. మెట్టు దాటలేదు. "వద్దవ్వా. చెంబుతో నీళ్ళు పైకి తీసకరా. ఈడనే పోసుకుంటా."

దస్తగిరమ్మకు అర్థం కాకపోయినా తెచ్చింది. టీచరమ్మ పిల్ల మడమ కింద నన్ను పెట్టింది. నీళ్ళు పొక్కు మీద పడి, కాలు జారి, నాలోకి కారాయి. మొదట మామూలు నీళ్ళే. తర్వాత ఒక తెల్లటి పోగు, పాలచుక్క నీళ్ళలో పడ్డట్టు, నాలో విచ్చుకుంది. ఇంకొకటి. నా అడుగంతా మసకబారింది. పైన సుంకులమ్మ మొహంలో మంట తగ్గుతోంది. ఆ మంట తగ్గడమూ ఈ తెలుపు నాలో నిండడమూ ఒకటే పని అని, అక్కడ నిలబడ్డ వాళ్ళందరి కంటే ముందు నాకు తెలిసింది. నా బతుకులో ఎన్నో రకాల తీపి మోశాను. ఆ మసకను మోసినంత బరువుగా ఏదీ లేదు.

టీచరమ్మ నన్ను ఎండకు ఎత్తింది.

"ఏందది?" అంది దస్తగిరమ్మ.

"నారి పిల్లలు అవ్వా" అంది సుంకులమ్మ. "నువ్వు పిలిచినట్టు దిగింటే ఇదంతా బావిలో కలిసేది. ఆ చుక్కలు దీన్ని తింటాయి. ఆ చుక్కలను మనం తాగుతాం."

దస్తగిరమ్మ నాలోకి చూసింది. మెట్ల వైపు చూసింది. తను నిలబడి వచ్చిన నీళ్ళలోకి చూసింది. ఎన్ని ఏళ్ళు, ఎంతమంది పిల్లలను అదే చోటికి అదే జాలితో పిలిచిందో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలాయి. చివరికి చాలా మెల్లగా అంది.

"బతికుండాయి. నిజమే. నా పిల్లోల్ల కాళ్ళు తిని బతికుండాయి."

నెత్తిన పెట్టుకోబోయిన కడవను వంచి, నీళ్ళన్నీ బావికి దూరంగా ఎర్రటి ఎండనేల మీద పారబోసింది. తర్వాత కంపచెట్టు నుంచి ఒక కట్టె విరిచి తెచ్చుకుని, పైమెట్టు మీద కూర్చుంది. అక్కడ ఆమె మొదట ఆపింది మద్దిలేటినే. కూతురు కాలు చల్లబడడం చూశాక అతనికి తన కాలు గుర్తొచ్చింది, అలవాటు చొప్పున మెట్ల వైపు కుంటుకుంటూ నడిచాడు.

"ఆడనే నిలబడు మద్దిలేటీ."

"బావి నీ అబ్బ సొత్తా?"

"గాదు. నా పిల్లోల్లది. నువ్వు గూడా నా చేతి నీళ్ళు తాగి పెరిగినోడివే, కూకో. నేను పోస్తా."

ఆమె అతన్ని బండమీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్ళు తెచ్చి కాలి మీద పోసింది. అతను కళ్ళు మూసుకున్నాడు. మంట తగ్గిన మనిషికి మాట వినబడుతుంది. "పరీచ్చ నాడు పాపను నేనే తోడకపోతా. నువ్వు మేకలను చూసుకో" అందామె. అతను కళ్ళు తెరవకుండానే తల ఊపాడు.

ఆ ఎండాకాలమంతా దస్తగిరమ్మ ఆ మెట్టు మీది కాపలా వదలలేదు, నారి ఉన్న ఒక్క కాలినీ దిగనివ్వలేదు. వాళ్ళందరికీ చెంబుతో పైనే పోసింది, వాళ్ళ కడవలు బాగున్నవాళ్ళ చేత నింపించింది. ఆమె కట్టె ఎవరినీ తాకలేదు, ఆ అవసరం నాలుకే తీర్చింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని ఊళ్ళో పెద్దలు అరుగుల మీద చెప్పుకునే సామెతను ఆమె ఒక్కతే మెట్టు మీద కూర్చుని అమలు చేసింది.

ఇక నా సంగతి. ఆ రోజు నాలోని మసకను కాలే బండల మీద పారబోశాక, టీచరమ్మ సలసలా కాగే నీళ్ళు తెచ్చి నాలో పోసింది. కొలిమి వదిలాక అంత వేడి ఎరగను. టప్ మని శబ్దం వచ్చింది. ఇంతే నా పని అనుకున్నాను. వెంట్రుకంత గీత పడింది గానీ చుక్క కారలేదు. అప్పటి నుంచి నేను కూడా ఒక మచ్చ ఉన్న మనిషినే.

పరీక్ష రోజున దస్తగిరమ్మ భుజం పట్టుకుని సుంకులమ్మ వచ్చింది. వెనకటి రెండేళ్ళూ పెద్దలు ఎవరో ఒకరు ఓపిక లేక పురుగును లాగి తెంపడం వల్లే కాలు వాచి మంచం పట్టింది. ఈసారి ఆ పుల్లను సుంకులమ్మ ఎవరి చేతికీ ఇవ్వలేదు. రోజుకు రవ్వంతే చుట్టుకుంది, పుండు కడిగి గుడ్డ కట్టుకుంది. కాలు వాయలేదు, కానీ వేలాడేస్తే సలిపేది. టీచరమ్మ చుట్టూ చూసి, నన్ను బోర్లించి, మీద గోనెపట్టా మడిచి వేసి, బెంచీ కింద పెట్టింది. ఆ పిల్ల కాలు నా మీద పెట్టుకుని లెక్కల పరీక్ష రాసింది. దేవుడి పటాలు మోసిన పీటలను చూశాను, వాటికి ఎంత గర్వముంటుందో నాకు తెలియదు. నాకు మాత్రం ఉంది.

సుంకులమ్మ పాసయింది. హైస్కూలు పక్క ఊళ్ళో ఉంది. జూన్‌లో తండ్రే తీసుకుపోయి చేర్పించి వచ్చాడు, మేకలను శెట్టి దుకాణం ముందు వదిలేసి. అవి శెట్టి ఉల్లిగడ్డలు తిన్నాయి. ఆ గొడవ వేరే కథ.

ఇప్పుడు నన్ను చూస్తే మీరు గుర్తుపట్టరు. అదే బడిలో, బీరువా మీద, సుద్దముక్కలు మోస్తున్నాను. బావి మెట్లు కట్టేసి చుట్టూ గోడ లేపి గిలక పెట్టారు. తర్వాత కుళాయిలు వచ్చాయి. ఇక్కడి పిల్లలకు నారి అంటే తెలియదు. తన కొడుకును ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చినప్పుడు సుంకులమ్మ చీలమండ మీది మచ్చ చూసి ఆ పిల్లవాడి పక్కన కూర్చున్న ఇంకొకడు, ముల్లు గుచ్చుకుందా అని అడిగాడు. ఆమె అవునంది. బీరువా మీదికి ఒక్కసారి చూసి నవ్వింది. మరుపున పడడం కూడా ఒక గెలుపేనని నేను సర్దిచెప్పుకున్నాను, సర్దిచెప్పుకోవడానికి సాయంత్రం దాకా పట్టింది.

నాకు మూత లేదు కాబట్టి కథ ముగించడం సరిగా రాదు. ఒక్క పొద్దు సంగతి చెప్పి ఆగిపోతాను.

సుంకులమ్మ హైస్కూలుకు పోయిన తర్వాత వచ్చిన ఎండాకాలం అది. అంతకుముందు ఏడాది నారి ఉన్న కాలు ఎవరూ బావిలో పెట్టలేదు. ఉగాది దాటింది, ఒంటిపూట బడి మొదలైంది, దుకాణం ముందు పిల్లలు పలచబడలేదు. శెట్టి పిప్పరమెంట్లకు కొత్త సీసా కొనాల్సి వచ్చింది. టీచరమ్మ హాజరు పిలుస్తుంటే ప్రతి పేరుకూ ఒక గొంతు పలికింది. చివరి పేరు పలికాక ఆమె పుస్తకం మూయకుండా, వాళ్ళనట్లాగే చూస్తూ నిలబడింది.

ఆ పొద్దున నీళ్ళు చూడడానికి సుంకులమ్మ లేదు. వడగట్టడమైతే దస్తగిరమ్మ ఎప్పుడో నేర్చుకుంది, చూడడం మాత్రం ఎప్పుడూ పిల్లలకే వదిలేసేది. ఆ రోజు తనే నన్ను నింపింది. రెండు చేతులతో ఎండకు ఎత్తి, ముడతల కన్ను నా గాజుకు ఆనించింది. చాలాసేపు చూసింది. నాలో అడుగున ఉన్న ఊపిరిబుడగ తప్ప ఇంకేమీ లేదు. ఏదీ ఎగరలేదు, ఏదీ కదలలేదు. ముందుగా తన చెంబులోకి కొంచెం వంపుకుని, గొంతులో పోసుకుని, మింగింది.

తర్వాత వరసలో నిలబడ్డ పిల్లల వైపు తిరిగి గ్లాసు అందుకుంది.

"సచ్చిన నీళ్ళే" అంది. "తాగండి నాయనా."